మంచం దగ్గర జేబులోంచి పుస్తకం తీసి చూస్తే తప్పా? మీ జేబుల్లో ఏమున్నాయి?

తొలకరి, విజయవాడ
సోమవారం, రాత్రి 11.48

అందరికీ నమస్కారం. బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి ఎనిమిది నెలలుగా ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. అరచేతిలో పట్టే నోటుపుస్తకం ఒకటి ఎప్పుడూ నా జేబులో ఉంటుంది. సెలైన్ చుక్కల లెక్కలు, ఏ ఇంజెక్షన్ దేనిలో కలపాలి, ఎంతసేపట్లో ఇవ్వాలి, స్పృహ ఎంతుందో కొలిచే గ్లాస్గో కోమా స్కేలు, రక్తపరీక్షల్లో మామూలు విలువలు... కాలేజీ రోజుల నుంచి పోగుచేసుకున్నవి.

మొన్న మధ్యాహ్నం ఒక పెద్దాయనకు పొటాషియం తగ్గింది. 500 మి.లీ. నార్మల్ సెలైన్‌లో కేసీఎల్ (పొటాషియం ఇంజెక్షన్) 20 మిల్లీ ఈక్వివలెంట్లు కలిపి నాలుగు గంటల్లో ఎక్కించమని డాక్టరు గారు రాశారు. మా దగ్గర సెలైన్ ఎక్కించే పంపులు ఐసీయూకే ఇస్తారు, వార్డులో చుక్కలు లెక్కపెట్టుకోవాల్సిందే. ఆంప్యూల్ (మందు ఉండే చిన్న గాజు గొట్టం) మీద ఉన్నది చదివి, 10 మి.లీ.లో 20 ఉందని పుస్తకంతో సరిచూసుకున్నాను. సీసాలో కలిపి నాలుగైదుసార్లు తలకిందులు చేసి, సెట్టు (చుక్కలు పడే సెలైన్ గొట్టం) తగిలించాను. చుక్కల కోసం మళ్లీ పుస్తకం తీశాను. నిమిషానికి 42. గడియారం చూస్తూ రెగ్యులేటర్ తిప్పుతుంటే ఆయన కోడలు, "ఇంకా నేర్చుకుంటున్న పిల్లను పెట్టారా మా మామయ్యగారికి?" అంది. అంతటితో ఆగకుండా వెళ్లి హెడ్ నర్సు గారికి చెప్పింది. మేడం నన్ను పిలిచి, "చూడాలంటే నర్సుల స్టేషన్‌లో చూసుకుని వెళ్లు. మంచం దగ్గర తీశావంటే నీకు రాదనుకుంటారు" అన్నారు.

బాధ వేసిన మాట నిజమే గానీ నా సందేహం వేరు. స్టేషన్ నుంచి ఆ మంచానికి ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగుల్లో ఎవరో ఒకరు "సిస్టర్, సెలైన్ అయిపోయింది" అని పిలుస్తారు. అక్కడికి చేరేసరికి చూసింది 42నా, 24నా అని అనుమానం మొదలవుతుంది. మీరంతా ఏం చేస్తారు?

విశ్రాంతి, గుంటూరు
మంగళవారం, ఉదయం 5.20

34 ఏళ్లు సర్కారు ఆసుపత్రుల్లో చేసి హెడ్ నర్సుగా పదవీ విరమణ చేశాను. డ్యూటీ లేకపోయినా నాలుగున్నరకే మెలకువ వస్తుంది.

అమ్మాయీ, మీ మేడం మాటలో కొంత నిజముంది. మన చేతిలో తడబాటు కనిపిస్తే పక్కనున్నవాళ్లకు గుండె జారుతుంది. కొన్ని నోటికి వచ్చి తీరాలి. గుండె ఆగిన మనిషి పక్కన నిలబడి పేజీలు తిప్పలేవు. అడ్రినలిన్ ఒక మిల్లీగ్రాము, మూడు నుంచి ఐదు నిమిషాలకు ఒకసారి. ఇది నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. మందు పడక ఒళ్లంతా దద్దుర్లొచ్చి ఊపిరాడనివాళ్లకు అదే అడ్రినలిన్ అర మిల్లీగ్రాము, తొడ కండలో. ఇదీ అంతే.

ఇక చుక్కల లెక్కకు పుస్తకమెందుకు? గంటకు ఎన్ని మి.లీ. పోవాలో తెలిస్తే మూడుతో భాగించు. 500ను నాలుగు గంటలకు పంచితే గంటకు 125. మూడుతో భాగిస్తే 42. మేమంతా అలాగే చేశాం.

మందులగది, వరంగల్
మంగళవారం, ఉదయం 9.05

> గంటకు ఎన్ని మి.లీ. పోవాలో తెలిస్తే మూడుతో భాగించు.

పెద్దవారు, మీ మాట కాదనడానికి సంకోచంగానే ఉంది. కానీ ఈ మూడు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి కదండీ. ఒక మి.లీ.కి 20 చుక్కలు పడే సెట్టుకే అది పనికొస్తుంది. 15 చుక్కల సెట్లూ మార్కెట్లో ఉన్నాయి, వాటికి నాలుగుతో భాగించాలి. పిల్లలకు వాడే మైక్రో సెట్టు 60 చుక్కలది, దానికి భాగించే పనే లేదు, గంటకు ఎన్ని మి.లీ.లో నిమిషానికి అన్నే చుక్కలు.

15 చుక్కల సెట్టు తగిలించి 42 చుక్కలు పెట్టారనుకోండి. గంటకు 168 మి.లీ. పోతుంది. నాలుగు గంటల సీసా మూడు గంటలకే ఖాళీ, అందులో పొటాషియం ఉంది. సెట్టు ఎన్ని చుక్కలదో దాని కవరు మీద అచ్చువేసి ఉంటుంది. మనం చింపి పారేసేది సరిగ్గా అదే కవరు!

నేను ఫార్మసిస్టును. స్టోరుకు ఏ నెల ఎవరు తక్కువకు కోట్ చేస్తే ఆ కంపెనీ సరుకు వస్తుంది. వార్డులో వాళ్లకు ఆ సంగతి తెలియదు. అందుకే పుస్తకం చూసే నర్సు అంటే నాకు భయం లేదు, పుస్తకం ఒక్కటే చూసే నర్సు అంటే భయం.

ఇన్సులిన్ సంగతీ ఇదే. మన దేశంలో మి.లీ.కి 40 యూనిట్ల వయల్సూ ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. సిరంజిలూ రెండు రకాలు, ఎర్రమూత 40కి, నారింజ మూత 100కి. 100 యూనిట్ల వయల్ నుంచి ఎర్రమూత సిరంజిలో 10 గీతల దాకా తీస్తే వచ్చేది 10 కాదు, 25 యూనిట్లు. తెల్లవారుజామున షుగరు పడిపోయి, చెమటలు పట్టి మాట తడబడుతున్న మనిషి కనిపిస్తాడు. తిరగేసి, 40 వయల్‌ను నారింజ మూతతో తీస్తే 10కి బదులు 4 పడుతుంది, షుగరు ఎందుకు దిగడం లేదో ఎవరికీ అర్థం కాదు. ఇన్సులిన్ ట్రేలో ఒక కార్డు పెట్టుకోండి: మూత రంగు, వయల్ మీద అంకె, రెండూ కలిశాయా? ఆ రెండు ముక్కలు చాలు. యూనిట్లు అనడానికి ఇంగ్లిషు యూ అక్షరం ఒక్కటే రాయవద్దు. తొందరలో రాసిన యూ సున్నాలా కనిపించి 4 కాస్తా 40 అవుతుంది.

స్టేజిచార్టు, రాజమహేంద్రవరం
మంగళవారం, ఉదయం 10.30

నేను నర్సును కాను, ఆర్టీసీ కండక్టరుగా చేసి దిగిపోయాను. మా ఆవిడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఈ వేదిక చదవడం అలవాటైంది. 11 ఏళ్లు ఒకే రూటులో తిరిగాను. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎంతో నాకు కంఠతా వచ్చు. అయినా స్టేజి చార్టు జేబులో ఉండేది, అనుమానం వస్తే ప్రయాణికుడి ముందే తీసి చూసేవాడిని. నాకు రాదని ఎవరూ అనలేదు. ఒకసారి మాత్రం చార్జీలు మారిన మర్నాడు పాత చార్టుతో బండెక్కాను. సాయంత్రం డిపోలో తేడా డబ్బు నా జేబులోంచి కట్టాను. నాది డబ్బుతో పోయింది.

ఆ కోడలి గారికి భయమేసింది, అంతే. చూసి ఇస్తే నయమని ఆమెకు ఎవరో చెప్పాలి.

ఉగ్గుగిన్నె, కర్నూలు
మంగళవారం, మధ్యాహ్నం 2.15

కండక్టరు గారి పాత చార్టు చదివాక నా సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. పిల్లల వార్డులో చేరిన కొత్తలో, ఇప్పుడు పనిచేస్తున్నచోట కాదు, సీనియర్ అక్క ఒక జిరాక్స్ కాగితం ఇచ్చింది. ఆమెకు ఇంకో అక్క ఇచ్చిందట. దాని మీద పారాసిటమాల్ వరుస: 10 కిలోలు, 6 మి.లీ. అంతే రాసి ఉంది. 5 మి.లీ.లో 125 మిల్లీగ్రాములుండే సిరప్‌కు ఆ లెక్క సరైనదే. కిలోకు 15 చొప్పున 150 మిల్లీగ్రాములు. కానీ ఏ సిరప్‌కు రాశారో కాగితం మీద లేదు. ఎన్నో కాపీ తీసేటప్పుడు పై వరుస ఎగిరిపోయి ఉంటుంది.

ఆ రాత్రి షెల్ఫులో సిరప్ లేదు, డ్రాప్స్ ఉన్నాయి. డ్రాప్స్‌లో మి.లీ.కి 100 మిల్లీగ్రాములు! నేను కాగితం చూసి 6 మి.లీ. తీయబోయాను. డ్రాపర్ ఒకసారి నింపి చిన్న కప్పులో వంచాను, రెండోసారి నింపుతున్నాను. మంచం మీద బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లి, "ఇంటి దగ్గర నేను ఒకటిన్నరే పోస్తానమ్మా, మీరు ఎక్కువ పోస్తారా?" అని అడిగింది. దెప్పిపొడవలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. సీసా తిప్పి లేబుల్ చదివాను. చేతులు చల్లబడ్డాయి. ఒకటిన్నరే సరైనది. నేను పోయబోయింది దానికి నాలుగు రెట్లు.

కప్పు పారబోశాను. డాక్టరు గారికి, ఇన్‌ఛార్జి సిస్టరుకు చెప్పాను. ఆ కాగితం అప్పటికే వార్డులో ఏడుగురి దగ్గర ఉంది. అన్నీ తెప్పించి చించేశాం. ఇప్పుడు నా కార్డులో మి.లీ. లెక్క ఒక్కటి కూడా లేదు. కిలోకు ఎన్ని మిల్లీగ్రాములో మాత్రమే రాసుకున్నాను. మి.లీ. ఎంతో చేతిలో ఉన్న సీసాయే చెప్పాలి.

విశ్రాంతి, గుంటూరు
మంగళవారం, మధ్యాహ్నం 3.40

మందులగది గారూ, సంకోచం దేనికి, మీరన్నదే సరి. మా రోజుల్లో స్టోరులో ఒకటే రకం సెట్టు వచ్చేది, అందుకని మూడు అనేది మాకు ప్రకృతి ధర్మంలా ఉండిపోయింది. ఎందుకు మూడో ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. నా దగ్గర నేర్చుకున్న పిల్లలు ఎంతమంది ఎక్కడెక్కడ మూడుతో భాగిస్తున్నారో తలచుకుంటే ఈ పూట అన్నం సహించలేదు.

సుద్దముక్క, నెల్లూరు
మంగళవారం, సాయంత్రం 6.10

నర్సింగ్ కాలేజీలో ట్యూటరును. ఉగ్గుగిన్నె గారి జిరాక్స్ కథ ప్రతి బ్యాచికీ చెప్పదగ్గది, చెబుతాను.

మా విద్యార్థులతో కార్డులు వాళ్ల చేతే రాయిస్తాను. అచ్చువేసినవి కొననివ్వను. రాసేటప్పుడే సగం తలకెక్కుతుంది. మూలన తేదీ వేయాలి, ఎక్కడ చూసి రాశారో పేరు రాయాలి, ఇంకొకరితో చదివించి వాళ్ల పొడి సంతకం తీసుకోవాలి. ఏడాది దాటిన కార్డును చించేయిస్తాను. ఏడుస్తారు, అందమైన దస్తూరీతో రంగు పెన్నులతో రాసుకుని ఉంటారు మరి.

ఏం రాసుకోవాలన్న దాని మీద నాకొక పట్టింపు ఉంది. ఎసిడిటీకి రోజూ ఇచ్చే పాంటాప్రజోల్ గురించి పేజీలు నింపడం దండగ. నెలకోసారి చేతికి వచ్చేవి, తేడా వస్తే దెబ్బతీసేవి రాసుకోవాలి. ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటాయిన్‌ను నార్మల్ సెలైన్‌లోనే కలపాలి, డెక్స్‌ట్రోజ్‌లో కలిపితే మందు విరిగి గడ్డకడుతుంది. పెద్దవాళ్లకైనా నిమిషానికి 50 మిల్లీగ్రాములు దాటకూడదు. సెఫ్ట్రియాక్సోన్ యాంటీబయాటిక్‌ను ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ సెలైన్) వెళ్తున్న లైనులో ఇవ్వకూడదు, ఆర్‌ఎల్‌లో ఉండే కాల్షియంతో కలిసి అదీ గడ్డకడుతుంది. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ నిమిషానికి 10 మిల్లీగ్రాములు మించకూడదు, అంటే గ్రాముకు 100 నిమిషాలు. అరగంటలో ఎక్కిస్తే ముఖం, మెడ ఎర్రబడి దురద మొదలవుతుంది, అందరూ అలర్జీ అని కంగారుపడతారు. గుండె మందు డిజాక్సిన్ ఇచ్చేముందు స్టెతస్కోపు పెట్టి నిండా ఒక నిమిషం గుండె చప్పుడు లెక్కపెట్టాలి, 60కి తగ్గితే ఆపి డాక్టరును అడగాలి.

ఇంకొకటి. నోటుపుస్తకాన్ని ఈ మంచం మీద, ఆ మంచం మీద పెట్టి మళ్లీ జేబులో వేసుకుంటాం. చేతులు కడుక్కుంటాం, దాన్ని ఎవరు కడుగుతారు? లామినేషన్ చేసిన కార్డులైతే స్పిరిట్ దూదితో తుడుచుకోవచ్చు.

నిర్వాహకులు
మంగళవారం, సాయంత్రం 6.30

చిన్న మనవి. ఇక్కడ రాస్తున్న మోతాదులను నేరుగా మీ కార్డుల్లోకి ఎక్కించవద్దు. మీ ఆసుపత్రి పద్ధతితో, మందు పెట్టెలోని కాగితంతో సరిచూసుకోండి. ఈ చర్చ కూడా జిరాక్స్ కాగితం లాంటిదే.

ముప్పైమంచాలు
మంగళవారం, రాత్రి 10.50

ఊరు చెప్పను, చెబితే ఎవరో తెలిసిపోతుంది. మీరందరూ చెబుతున్నవి చదవడానికి బాగున్నాయి. మా వార్డులో రాత్రి 30 మందికి ఇద్దరం. ఒకరు అడ్మిషన్ కోసం వెళ్తే ఒకరే. రంగు కార్డులు, పొడి సంతకాలు, ఇంకొకరితో చదివించడం... ఆ ఇంకొకరు ఎక్కడున్నారు?

నా జేబులో ఒకటే కాగితం, అది ఆక్సిజన్ సిలిండర్‌ది. రోగిని స్కానింగుకు తీసుకెళ్లేటప్పుడు వాడే బీ టైపు సిలిండర్ నీటి కొలత, అంటే నీళ్లు పోస్తే పట్టేది, 10 లీటర్లు. గేజీ ముల్లు చూపే అంకె పక్కన సున్నా పెడితే లోపల ఉన్న ఆక్సిజన్ లీటర్లు వస్తాయి. నిండా ఉంటే 150, అంటే 1500 లీటర్లు. ముల్లు 50 దగ్గరుంటే 500 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు పెట్టారా, 50 నిమిషాలు. లిఫ్టు కోసం పది, స్కానింగు గది బయట ఇరవై, లోపల పదిహేను. లెక్క వేసుకోండి మీరే. ఒకసారి లిఫ్టు ముందు నిలబడి ఈ లెక్క వేసుకున్నాను, అప్పటి నుంచి ఆ కాగితం ఉంది. ఆ రోజు ఏం జరిగిందో రాయను.

సుద్దముక్క, నెల్లూరు
మంగళవారం, రాత్రి 11.15

మీకు చెప్పగలిగేదేమీ లేదు సిస్టర్. ఒక్కరే ఉన్నచోట కార్డే ఆ ఇంకొకరు అనుకోమంటే మీకు కోపం వస్తుంది, రావాలి కూడా. సిలిండర్ లెక్క మాత్రం రేపు క్లాసులో చెబుతున్నాను. సిలిండర్ మారితే సున్నా పెట్టే సూత్రం కూడా మారుతుందని చేర్చి.

పురిటిగది, భద్రాచలం
బుధవారం, ఉదయం 7.45

నైటు దిగి రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

మాది ప్రసూతి విభాగం. జేబు కార్డు కన్నా ట్రే మూత మీద అంటించిన కార్డు గొప్పదని నా అనుభవం. ఫిట్స్‌తో వచ్చిన గర్భిణికి మ్యాగ్‌సల్ఫ్ (మెగ్నీషియం సల్ఫేట్) మొదటి మోతాదు 14 గ్రాములు. నరంలోకి 4, రెండు పిరుదుల్లో ఐదేసి. మా దగ్గరికి వచ్చే ఆంప్యూల్ 2 మి.లీ.లో ఒక గ్రాము. అంటే పద్నాలుగు ఆంప్యూల్స్ విరవాలి. పక్కన ఆమె కొట్టుకుంటూ ఉంటుంది, ఆమె తల్లి అరుస్తూ ఉంటుంది, ఎన్ని విరిచామో లెక్క తప్పకుండా ఉంటుందా? అందుకని ట్రేలో నాలుగు ఒక గుంపుగా, ఐదు, ఐదు విడివిడిగా రబ్బరు బ్యాండు చుట్టి పెడతాం. నాలుగింటి గుంపుతో 12 మి.లీ. స్టెరైల్ వాటర్ ఆంప్యూల్స్, 20 మి.లీ. సిరంజి. లెక్కంతా తీరికగా పగలే అయిపోతుంది.

మూత మీద కార్డులో మూడే వరుసలు. తర్వాతి మోతాదుకు ముందు: మోకాలి రిఫ్లెక్స్ ఉందా, శ్వాస నిమిషానికి 16కు తగ్గలేదు కదా, మూత్రం గంటకు 30 మి.లీ. అయినా వస్తోందా. ఏ ఒక్కటి లేకపోయినా మోతాదు ఆపి డాక్టరును పిలవాలి. ట్రే మూలన కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. ఆంప్యూల్ ఎప్పుడూ ఉంటుంది, అది విరుగుడు. వాడిన ట్రేను నింపకుండా డ్యూటీ దిగకూడదన్నది మా గదిలో చట్టం.

చలిదేశం, లీడ్స్
బుధవారం, మధ్యాహ్నం 1.30

బ్రిటన్ వచ్చి నాలుగేళ్లు, అంతకుముందు హైదరాబాదులో ఆరేళ్లు చేశాను. ఇక్కడ మంచం దగ్గర చూసుకోకుండా ఇస్తేనే అడుగుతారు. మందుల మోతాదులకు బీఎన్‌ఎఫ్, ఇంజెక్షన్లు కలిపే పద్ధతికి మెడ్యూసా అని ఉంది, వార్డు కంప్యూటర్లో తెరిచే ఉంటుంది. 20 ఏళ్ల అనుభవమున్న సిస్టర్ కూడా చూసే కలుపుతుంది.

నాకు ఎక్కువ ఉపయోగపడింది మాత్రం న్యూస్ స్కోరు, రోగి పరిస్థితి దిగజారుతోందని ముందే హెచ్చరించే లెక్క. రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించింది. శ్వాస, ఆక్సిజన్ శాతం, ఆక్సిజన్ పెట్టారా లేదా, పై బీపీ, నాడి, స్పృహ, జ్వరం, ఒక్కోదానికి మార్కులు వేసి కలపాలి. 5 వస్తే డాక్టరు త్వరగా వచ్చి చూడాలి, 7 వస్తే అత్యవసర బృందం రావాలి. హైదరాబాదులో రాత్రి రెండింటికి డ్యూటీ డాక్టరును లేపి, "ఎందుకో మనిషి బాగా లేడు సార్" అని నసిగి తిట్లు తిన్నదాన్ని. ఇక్కడ "స్కోరు 7" అంటే ఫోనులో అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినిపిస్తుంది.

ఫోను యాప్‌ల గురించి ఎవరూ రాయలేదేం? హైదరాబాదులో ఒకసారి మంచం పక్కన ఫోనులో మందు పేరు వెతుకుతుంటే రోగి కొడుకు నేను వాట్సాప్ చూస్తున్నానని వీడియో తీశాడు.

రెండోబెంచి, హైదరాబాద్
బుధవారం, మధ్యాహ్నం 2.05

మా ఐసీయూలో ఫోన్లు లాకర్లోనే. గోడ మీద బీపీ నిలబెట్టే డోపమిన్ మందు పట్టిక ఉంది. కానీ పైన పెద్ద అక్షరాలతో "200 మి.గ్రా. 50 మి.లీ.లో" అని లేకపోతే ఆ పట్టిక ప్రమాదమే. 60 కిలోల మనిషికి కిలోకు నిమిషానికి 5 మైక్రోగ్రాములంటే మా పట్టిక ప్రకారం గంటకు 4.5 మి.లీ. వేరేచోట 400 కలిపి పంపిన సిరంజికి అదే 4.5 పెడితే రెండింతలు పడుతుంది. బయట నుంచి వచ్చిన సిరంజిని మేం పారేసి కొత్తది కలుపుకుంటాం, మందు వృథా అని ఎవరేమన్నా సరే.

మీనచిల్, హైదరాబాద్
బుధవారం, సాయంత్రం 5.55

మాది కేరళలోని కొట్టాయం. ఇక్కడికి వచ్చి 11 ఏళ్లు. తెలుగు రాయడం మా వారి దగ్గర నేర్చుకున్నాను, వారిది నల్గొండ. నా పుస్తకంలో అన్నిటికన్నా నలిగిన పేజీలో మందుల పేర్లు లేవు, మీ మాటలున్నాయి.

చేరిన వారానికే ఒక అవ్వ "కళ్లు తిరుగుతున్నాయి" అంది. టార్చి తీసి కనుపాపలు చూశాను. తిన్నగానే ఉన్నాయని కేస్ షీటులో రాశాను. కాసేపటికి అవ్వ లేచి పడబోయింది, పక్క మంచం ఆవిడ పట్టుకుంది. ఇంకొకాయన్ను మూత్రం వచ్చిందా అని నాకు వచ్చిన తెలుగులో అడిగితే "ఒంటికి రెండుసార్లు పోయానమ్మా" అన్నాడు. ఒళ్లు అనుకుని ఒంటికి ఏమైందని దుప్పటి తీసి చూశాను! ఔట్‌పుట్ చార్టులో ఆ పూట ఖాళీ.

అప్పటి నుంచి రాసుకుంటూ వచ్చాను. కడుపులో తిప్పడం వేరు, కడుపులో మెలిపెట్టడం వేరు. గుండెల్లో మంట అంటే చాలాసార్లు పులితేన్పులు, గుండె పట్టేసినట్టుంది అంటే వెంటనే ఈసీజీ. అయినా మంట అన్నవాళ్లకు చెమటలు పడుతుంటే దానికీ ఈసీజీయే. సలపడం అంటే చీము పట్టిన చోట, పోటు అంటే పొడిచినట్టు, తీపు అంటే కాళ్లలో లాగినట్టు. కొత్తగా వచ్చే మా పిల్లలు మొదట ఈ పేజీనే ఫోటో తీసుకుంటారు.

ఒడ్డుపక్క, ఇచ్ఛాపురం
బుధవారం, రాత్రి 8.20

మీనచిల్ గారూ, మీ పేజీకి మా సరిహద్దు నుంచి ఒక వరుస. తలకు దెబ్బ తగిలిన ఒకావిడను మాకు పంపుతూ గ్లాస్గో స్కోరు 11 అని రాశారు. కళ్లు 4, మాట 2, కదలిక 5. మాట 2 అంటే అర్థం కాని శబ్దాలు. కదలిక 5 అంటే చెప్పినట్టు చేయడం లేదు, నొప్పి కలిగిస్తే చెయ్యి అక్కడికి తెస్తోంది. మేం కొడుకును లోపలికి పిలిచాం. అతను ఒడియాలో చెయ్యెత్తమంటే ఎత్తింది, ఊరి పేరు చెప్పింది, కోడిని ఎవరు మూస్తారని అడిగింది. 15కి 15. అర్థం కానిది మనకు, ఆమెకు కాదు. నా కార్డు మీద స్కేలు పైన ఒకటే మాట రాసుకున్నాను: ఏ భాష?

నొప్పికి సున్నా నుంచి పది అంటే మా వైపు ముసలివాళ్లు తల అడ్డంగా ఊపుతారు. బొమ్మల ముఖాలు చూపిస్తే నవ్వుతారు. మా సీనియర్ అక్క, "రూపాయి నొప్పి అంటే ఓర్చుకోలేనిది. నీకిప్పుడు ఎన్ని అణాలుంది తాతా?" అని అడుగుతుంది. "పన్నెండణాలుందమ్మా. పొద్దున్న సూది వేశాక నాలుగణాలకు దిగింది, మళ్లీ ఎక్కింది." రూపాయికి పదహారణాలు కాబట్టి పన్నెండంటే పదికి ఏడున్నర. కార్డు వెనక అణాల పట్టిక ఉంది నాకు. కొత్త డాక్టరు గారు చూసి ఇదేం స్కేలు అని అడిగారు.

తొలకరి, విజయవాడ
శుక్రవారం, రాత్రి 9.30

అందరి మాటలూ రెండేసిసార్లు చదివాను. పుస్తకంలో ఆరు పేజీలు చించేశాను. చుక్కల పట్టిక పైన "20 చుక్కల సెట్టుకు మాత్రమే" అని ఎర్ర పెన్నుతో రాశాను, కింద 15కు వేరే పట్టిక. హెడ్ నర్సు మేడంకు చూపించి తేదీ వేయించుకున్నాను. ఆవిడ కాసేపు తిరగేసి, వాంకోమైసిన్ వరుస తన ఫోనుతో ఫోటో తీసుకున్నారు. ఏమీ అనలేదు.

ఆ పెద్దాయనకు నిన్న మళ్లీ పొటాషియం రాశారు. ఈసారి కోడలి గారి ముందే పుస్తకం తీసి, "ఇది గుండె మీద పనిచేసే మందండి, తొందరగా పోకూడదు. నిమిషానికి 42 చుక్కలు. చూసి పెడుతున్నాను, మీరూ చూడండి. రెగ్యులేటర్ మాత్రం ముట్టుకోవద్దు, తేడా వస్తే నన్ను పిలవండి" అని చెప్పాను. గంటన్నర తర్వాత స్టేషన్‌కు వచ్చింది, చేతిలో ఫోను, దాంట్లో గడియారం. "సిస్టర్, మూడుసార్లు లెక్కపెట్టాను. 30 మాత్రమే పడుతున్నాయి." వెళ్లి చూస్తే పెద్దాయన చెయ్యి మడిచి తల కింద పెట్టుకుని నిద్రపోతున్నారు.

మందులగది, వరంగల్
శుక్రవారం, రాత్రి 9.42

బాగుంది. నిన్నటి సెట్టు కవరు మీద ఎంతుంది?

తొలకరి, విజయవాడ
శుక్రవారం, రాత్రి 9.44

20. తగిలించాక గుర్తొచ్చి, పారేసిన కవరును బుట్టలోంచి మళ్లీ తీసి చూశాను.